నల్లగుట్ట దొన అడుగు

అనగనగా ఒక అడవి. ఆ అడవి చివర, చెట్లు పలచబడి రాళ్లు మొదలయ్యే చోట ఒక గుట్ట ఉండేది. పేరు నల్లగుట్ట. పులులూ ఎలుగులూ అటువైపు తొంగి కూడా చూసేవి కావు. చూడటానికి అక్కడ ఏముంది గనక? బండలు, రేగుపొదలు, పొదల కింద బొరియలు. బొరియల్లో కుందేళ్లు, ముంగిసలు. పొదల్లో కౌజుపిట్టలు. అందరూ చిన్నవాళ్లే. చిన్నవాళ్ల ఊరది.

ఆ ఊరికి పెద్ద ఒక ముళ్లపంది. నడుస్తుంటే వీపు మీది ముళ్లు ఒకదానికొకటి తగిలి గలగలమనేవి. అందుకని అందరూ అతన్ని గజ్జెలయ్య అనేవారు. మంచివాడే, పిల్లలూ. తను తినబోయే దుంపను పక్కవాడికి పెట్టి తను పస్తుండే రకం. కాకపోతే రోషం కాస్త ఎక్కువ. సంతోషం వస్తే ముళ్లు మెల్లగా మోగేవి. రోషం వస్తే గుట్టంతా వినబడేలా మోగేవి.

గుట్ట పైన, చిన్నవాళ్లు ఎక్కలేని నిటారు బండల మధ్య ఒక ఊట ఉండేది. ఏడాది పొడుగునా పిల్లితోకంత ధారగా నీళ్లు ఊరేవి. ఆ నీళ్లు మట్టికాలువలో పడి కిందికి వచ్చి దొనలోకి చేరేవి. దొన అంటే తెలుసుగా? బండరాతిలో దానంతటదే ఏర్పడిన గుంట. నల్లగుట్టకు ఆ దొనే బావి, ఆ దొనే చెరువు.

కాలువ మట్టిది కావడంతో వాన పడితే చాలు, ఎక్కడో ఒకచోట గండి పడేది. సగం నీళ్లు దారిలోనే గులకరాళ్లలో ఇంకిపోయేవి. మిగిలిన సగమైనా నిలుస్తాయా అంటే, దొన గోడకు ఒక పగులు. రాత్రీ పగలూ అందులోంచి కారిపోయేవి. చలికాలం ఎలాగో గడిచేది. ఎండలు ముదిరితే ధారంతా కాలువ మట్టిలోనే ఇంకిపోయి, దొన అడుగున పాచి ఎండి పెచ్చులు లేచేది. అప్పుడిక అందరూ కింద వాగుకు పోవాల్సిందే. వాగు ఒడ్డున నక్కలు కాచుకుని ఉండేవి.

పోయిన ఎండాకాలం దూదమ్మ అనే కుందేలు మొగుడు నీళ్లకని వాగుకు వెళ్లాడు. తిరిగి రాలేదు.

ఇలా ఉండగా ఒకరోజు రామచిలుక ఒకటి వచ్చి, గుట్ట మీద రాయెక్కి దండోరా వేసింది.

"వినండహో! మృగరాజుగారి దర్బారు ఈ ఏడు ఒక ఊరికి నీళ్ల పని చేయించబోతోంది. ఏనుగులొచ్చి రాతికాలువ కడతాయి. పగుళ్లు పూడుస్తాయి. ఏనుగుల మేత రాజుగారి కొట్టులోంచే. ఏ ఊళ్లో నీళ్లకు ఎక్కువ ఇబ్బందో ఆ ఊరికే పని. చూడటానికి లకుముకిపిట్ట వస్తుందహో!"

లకుముకిపిట్ట దర్బారులో నీళ్ల అధికారి. గుప్పెడంత ఉంటుంది. కానీ పిట్ట కొంచెం, కూత ఘనం. ఆమె "ఊఁ" అంటే ఏనుగులు కదులుతాయి. "ఊహూఁ" అంటే ఎక్కడివక్కడే ఆగిపోతాయి.

దండోరా విని ఊరంతా దొన దగ్గరికి చేరింది. గజ్జెలయ్య ముళ్లు మెల్లగా మోగుతున్నాయి.

"మన కష్టాలు గట్టెక్కినట్టే!" అన్నాడు. "ఇక పనిలోకి దిగండి. ఈరోజు నుంచి కాలువలో గానీ దొనలో గానీ ఎవరూ మూతి పెట్టొద్దు. పగులుకు బంకమట్టి మెత్తండి. పిట్ట వచ్చేసరికి దొన నిండుగా ఉండాలి."

ముంగిస చురుకయ్యకు నోరు ఊరుకోదు. "ఏం బావా, పిట్ట మనకు పిల్లనివ్వడానికి వస్తోందా? నీళ్లు లేవని చూపించమంటే నిండుగా చూపిస్తానంటావేం?" అన్నాడు.

అందరూ నవ్వారు. గజ్జెలయ్య నవ్వలేదు.

ఎందుకంటే నల్లగుట్టకు ఒక ఆనవాయితీ ఉంది. వచ్చిన చుట్టానికి దొన అడుగు చూపించకూడదు. అడుగు చూపించడమంటే, "నీకు పోయడానికి ఇక్కడేమీ లేదు, లేచి వెళ్లు" అన్నట్టేనట. అందుకే చుట్టం వస్తున్నాడని తెలిస్తే ఊరంతా నోరు కట్టుకుని నీళ్లు దాచేది. గజ్జెలయ్య తాత అలాగే చేశాడు. తండ్రీ అలాగే చేశాడు. నల్లగుట్టలో దాహంతో వెనక్కి వెళ్లిన చుట్టం లేడని చుట్టుపక్కల పేరు. ఆ పేరు గజ్జెలయ్యకు ప్రాణం.

దూదమ్మ ముందుకు వచ్చింది. చంకలో చిన్నకూతురు చిట్టి ఉంది.

"అన్నా, గండి గండిలాగే ఉంచుదాం. పగులు పగుల్లాగే ఉంచుదాం. ఆమె కళ్లారా చూసుకుంటుంది" అంది.

"మన ఇంటి చిల్లు మనమే చూపించుకుని అడుక్కుందామంటావా తల్లీ?"

"అడుక్కోవడం ఏంటన్నా? ఏటేటా రేగుపళ్లు ఏరి దర్బారుకు కప్పం కడుతున్నాం కదా. ఆ కొట్టులో మన పళ్లూ ఉన్నాయి. మనది మనం అడగడానికి సిగ్గెందుకు?"

గజ్జెలయ్య ముళ్లు గలగలా మోగాయి. "నీకు లోకం తెలియదమ్మా! దరిద్రం చూస్తే ఎవడైనా ముక్కు మూసుకుని పోతాడు. మన మర్యాద చూస్తే, 'అబ్బ, ఎంత పద్ధతైన ఊరు, వీళ్లకు చేస్తే చేసిన పనికి విలువ' అనుకుంటారు. నా మాట విను."

దూదమ్మ చిట్టిని ఇంకాస్త దగ్గరికి పొదువుకుంది. తర్వాత మెల్లగా అంది. "నువ్వు పెద్దవాడివి. నీ మాట కాదనను. ఒక్కటి మాత్రం చెబుతున్నా. ఈ ఎండాకాలం కూడా దొన ఎండితే నేనిక్కడ ఉండలేను. ఈ పిల్లల్ని వాగుకు పంపలేను. నా దారి నేను చూసుకుంటా."

"ఆ అవసరమే రాదు" అన్నాడు గజ్జెలయ్య. మనసారా నమ్మే అన్నాడు, పాపం.

ఊరంతా పనిలో పడింది. ముంగిసలు బంకమట్టి తొక్కి పగులుకు మెత్తాయి. కౌజుపిట్టలు మట్టి మీద పాచి అంటించి, పగులు ఉన్నట్టే తెలియకుండా చేశాయి. కాలువ గండి దగ్గర కుందేళ్లు పూలతీగలు తెచ్చి తోరణాలు కట్టాయి. గండి మాయమైంది, పూలపొద మిగిలింది. దొనలో నీళ్లు మెల్లగా పైకి వస్తున్నాయి. గజ్జెలయ్య పొద్దునా సాయంత్రం వచ్చి చూసుకుని మురిసిపోయేవాడు.

పిల్లలు మటుకు పొద్దున్నే లేచి గడ్డి మీది మంచు నాకేవాళ్లు. ఎండెక్కాక నాకడానికి అదీ ఉండేది కాదు.

"అమ్మా, దాహం" అనేది చిట్టి.

"పిట్టమ్మ వచ్చి వెళ్లనీ తల్లీ" అనేది దూదమ్మ.

లకుముకిపిట్ట వచ్చింది. నీలిరెక్కలు ఎండలో తళుక్కుమన్నాయి. గజ్జెలయ్య ఎదురెళ్లి వంగి దండం పెట్టాడు. "దయచేయండి అమ్మగారూ! ముందు కాళ్లు కడుక్కోండి" అన్నాడు.

పిట్ట కాస్త ఆశ్చర్యపోయింది. "చాలా ఊళ్లు తిరిగి వస్తున్నానయ్యా. కాళ్లకు నీళ్లిచ్చిన ఊరు మీదొక్కటే" అంది.

గజ్జెలయ్య ముళ్లు చిరుగజ్జెల్లా మోగాయి.

మొదట కాలువ చూసింది పిట్ట. పూలతీగల మీద వాలింది. "కాలువ ఎక్కడా తెగలేదు కదా?" అని అడిగింది.

గజ్జెలయ్య నోట్లో నిజం ఉంది. పెదవిదాకా వచ్చింది కూడా. కానీ చుట్టం ఎదురుగా ఇంటి గోడు చెప్పుకోవడం అతనికి చేతకాదు. "అబ్బే, ఏదో నడుస్తోందండి" అన్నాడు.

"పూలు బాగున్నాయి" అంది పిట్ట.

తర్వాత దొన దగ్గరికి వచ్చింది. నీళ్లు అంచులదాకా ఉన్నాయి. ఆకాశం అందులో కనబడుతోంది. పిట్టకు ఆశ ఆగలేదు. బుడుంగున మునిగి, లేచి, రెక్కలు విదిలించుకుంది. "హాయిగా ఉంది! ఎండాకాలంలో కూడా ఇలాగే ఉంటాయా?" అని అడిగింది.

చురుకయ్య వెనకనుంచి గజ్జెలయ్యను పొడిచాడు. ముళ్లు గుచ్చుకున్నది చురుకయ్యకే.

"మీ దయవల్ల ఏ లోటూ లేదండి" అన్నాడు గజ్జెలయ్య. ఎవరు ఎలా ఉన్నావని అడిగినా అతను చెప్పే జవాబు అదే. అలవాటుగా వచ్చేసింది.

పిట్ట ఇక బయలుదేరబోతూ ఆగింది. రాయి పక్కన చిట్టి కూర్చుని ఉంది. ఎండిన నాలుక బయటికి వచ్చింది. కళ్లు ఆర్పకుండా ఇటే చూస్తోంది.

"ఆ పిల్ల ఎందుకలా చూస్తోంది?"

దూదమ్మ గజ్జెలయ్య వైపు చూసింది. చెప్పన్నా, ఇప్పుడైనా చెప్పు అన్నట్టు చూసింది.

గజ్జెలయ్య పెద్దగా నవ్వాడు. "మిమ్మల్నే చూస్తోందండి! ఇంత అందమైన పిట్టను అది పుట్టాక ఎప్పుడు చూసింది గనక!"

పిట్ట కూడా నవ్వి, చిట్టి తలమీద రెక్కతో నిమిరి ఎగిరిపోయింది.

ఆమె కనుమరుగయ్యిందో లేదో పిల్లలంతా దొన మీద పడ్డారు. మర్నాటికి బంకమట్టి నాని ఊడిపోయింది. దొన మళ్లీ కారడం మొదలుపెట్టింది. "కారనీ, ఇంకెన్నాళ్లు! ఏనుగులొస్తున్నాయి" అన్నాడు గజ్జెలయ్య.

నిజంగానే ఏనుగులొచ్చాయి. ఒక పొద్దున కింద బాటలో దుమ్ము లేచింది. ఘీంకారాలు వినిపించాయి. నల్లగుట్ట అంతా కేరింతలు కొట్టింది. గజ్జెలయ్య పూలదండ పట్టుకుని గబగబా దిగి బాటకు అడ్డంగా నిలబడ్డాడు.

"రండి రండి! నల్లగుట్ట ఇటు!"

ముందు నడుస్తున్న ముసలి ఏనుగు ఆగింది. "నల్లగుట్టా? మాకు చెప్పింది ఎర్రబోడు కదయ్యా" అంది.

ఎర్రబోడు పక్కగుట్ట. అక్కడ ఉండేవి అడవిపందులు. వాటి పెద్ద బురదమ్మ. ఆమె నోరంటే చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ హడల్.

ఏనుగు తలమీద లకుముకిపిట్ట కూర్చుని ఉంది. గజ్జెలయ్య ఆమె వైపు తిరిగాడు.

"అమ్మగారూ! మరి మా ఊరు?"

"మీకేం తక్కువయ్యా? నిండుదొన. స్వయంగా మునిగి లేచాను కదా" అంది పిట్ట. "ఎర్రబోడులో బురదమ్మ నన్ను కూర్చోమని కూడా అనలేదు. 'కూర్చోడానికి చోటు లేదు, తాగడానికి చుక్క లేదు, ఉంటే నిన్నెందుకు పిలుస్తాం' అని కసిరింది. రెక్క పట్టుకుని లాక్కెళ్లి, బీటలు వారిన గుంటలో నిలబెట్టి చూపించింది."

అప్పుడు చెప్పాడు గజ్జెలయ్య. గండి సంగతి చెప్పాడు. పగులు సంగతి చెప్పాడు. వాగు, నక్కలు, దూదమ్మ మొగుడు, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. పిట్ట ముఖం చిన్నబోయింది.

"గజ్జెలయ్యా, నేను వచ్చింది చుట్టపుచూపుకు కాదు కదయ్యా. ఉన్న కష్టం చూసి పోదామని వచ్చాను. కాలువ దగ్గర అడిగాను. దొన దగ్గర అడిగాను. ఆఖరికి ఆ పసిపిల్లను చూపించి అడిగాను."

"మర్యాద కోసమని..."

"నీ మర్యాద నాకు పెట్టావు. దాహం ఆ పిల్లకు పెట్టావు."

గజ్జెలయ్య చేతిలోని పూలదండ నేలకు వేలాడింది.

"వానలు పడేలోపు వీళ్లు ఒక్కచోటే కట్టగలరు. కొట్టులో మేత కూడా అంతకే ఉంది. వచ్చే ఏడు మళ్లీ వస్తాను" అంది పిట్ట. ఏనుగులు ఎర్రబోడు వైపు మళ్లాయి. బాటలో దుమ్ము చాలాసేపటిదాకా అణగలేదు.

పూలదండ చేత్తో పట్టుకునే గజ్జెలయ్య గుట్టెక్కాడు. ముళ్లు మోగలేదు.

"ఏం బావా, ఏనుగులకు కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు చాలవని పంపించేశావా?" అన్నాడు చురుకయ్య. ఈసారి ఎవరూ నవ్వలేదు. కాసేపటికి చురుకయ్యే తల దించుకున్నాడు. "తప్పు బావా. ఆ బంకమట్టి మెత్తింది నేనే కదా" అన్నాడు.

ఎండలు ముదిరాయి. దొన అడుగున పాచి పెచ్చులు లేచింది. దూదమ్మ పిల్లల్ని ముందు నడిపించుకుంటూ గజ్జెలయ్య బొరియ దగ్గరికి వచ్చింది.

"వెళ్లొస్తానన్నా. ఎర్రబోడు బురదమ్మ రమ్మంది. 'నోరే చెడ్డది, నీళ్లు మంచివే, రండమ్మా' అని కబురు పెట్టింది."

"ఒక్క ఏడాది ఓర్చుకో తల్లీ. వచ్చే ఏడు తప్పకుండా..."

"ఈ పిల్లల మొహం చూసి చెప్పన్నా, ఓర్చుకోమని. నువ్వు చెబితే ఉంటాను."

గజ్జెలయ్య పిల్లల మొహాలు చూశాడు. చిట్టి పెదాలు బీటలు వారి ఉన్నాయి. చెప్పలేకపోయాడు. దూదమ్మ వెంట మిగతా కుందేళ్లూ కదిలాయి. కౌజుపిట్టలు లేచిపోయాయి. ముంగిసలూ వెళ్లాయి. చురుకయ్య ఒక్కడే ఉండిపోయాడు. ఎందుకున్నావంటే, "నీతో గొడవపడటానికి ఒకడైనా ఉండాలిగా బావా" అన్నాడు.

ఆ ఎండల్లోనే ఒక సాయంత్రం దూదమ్మ గజ్జెలయ్యను చూడటానికి వచ్చింది. నోట కరచుకుని ఒక బుడమకాయ తెచ్చింది. పండిన బుడమకాయలో ఎంత నీరుంటుందో మీకు తెలుసుగా.

గజ్జెలయ్య దిగ్గున లేచాడు. "రా తల్లీ రా! ముందు కాళ్లు కడుక్కో" అంటూ అలవాటుగా దొన వైపు తిరిగాడు. తిరిగి, అలాగే నిలబడిపోయాడు.

దూదమ్మ కళ్లు చెమర్చాయి. "నాక్కూడా మర్యాదలేనా అన్నా? అయితే నేను చుట్టాన్నైపోయానన్నమాట" అంది.

గజ్జెలయ్య ఆమెను దొన దగ్గరికి తీసుకెళ్లాడు. ఎండిన అడుగు చూపించాడు. పగులు చూపించాడు. నల్లగుట్టకు వచ్చిన చుట్టానికి దొన అడుగు చూపించడం అదే మొదటిసారి. ఆ చుట్టం ఆ ఊరి ఆడపడుచే. ఇద్దరూ బుడమకాయ పగలగొట్టుకుని, చురుకయ్యకు కూడా ఒక ముక్క ఉంచి తిన్నారు.

చెప్పినట్టే మరుసటి ఏడు లకుముకిపిట్ట వచ్చింది. గజ్జెలయ్య కాళ్లకు నీళ్లివ్వలేదు. పూలు కట్టలేదు. గండిలో నిలబెట్టాడు. పగుల్లో ముక్కు పెట్టి చూడమన్నాడు. ఖాళీ బొరియలు ఒక్కొక్కటే చూపించి, ఇది ఫలానావాళ్లది, ఇది ఫలానావాళ్లది అని చెప్పాడు. పిట్ట "ఊఁ" అంది. ఏనుగులు వచ్చాయి. రాళ్లు పేర్చి కాలువ కట్టాయి. సున్నపురాయి నూరి పగులు పూడ్చాయి.

దొన నిండింది. ఎండలు ముదిరినా తగ్గలేదు. అంచులమీంచి పొర్లి కింద రేగుపొదల్లోకి పారింది. "మా దొనకు ఏ లోటూ లేదు" అని ఇప్పుడు ఎవరికి చెప్పినా నిజమే. చెప్పడానికే చురుకయ్య తప్ప ఎవరూ లేరు.

గజ్జెలయ్య ఎర్రబోడుకు వెళ్లాడు. అక్కడ చిట్టి ఎదురుపడింది. ఇప్పుడది పెద్దదైంది. సొంత బొరియ ఉంది. బొరియలో దాని పిల్లలు గంతులేస్తున్నాయి.

"రండమ్మా, మన ఊరికి పోదాం. దొన నిండింది" అన్నాడు.

"నా పిల్లలకు ఊరంటే ఇదే మామయ్యా" అంది చిట్టి. కోపంగా అనలేదు. అతన్ని కూర్చోబెట్టింది. తాగడానికి నీళ్లు చూపించింది. అతను తాగుతుంటే పక్కనే కూర్చుని అంది.

"మామయ్యా, ఆ రోజు నేను పిట్టను చూడలేదు. నీళ్లనే చూశాను."

గజ్జెలయ్య తల ఎత్తలేదు.

"తెలుసు తల్లీ" అన్నాడు. "అప్పుడూ తెలుసు."

పొద్దు వాలకముందే బయలుదేరి నల్లగుట్టకు తిరిగి వచ్చాడు. దొన ఒడ్డున కూర్చున్నాడు. నీళ్లు నిండుగా, కదలకుండా ఉన్నాయి. అడుగు ఎక్కడుందో కనబడటం లేదు.

నీతి: చుట్టమై వచ్చినవాడికి నిండుదొన చూపించడం మర్యాద, సాయం చేయవచ్చినవాడికి దొన అడుగు చూపించాలి. పెద్దలు పరువు కోసం కష్టాన్ని దాస్తే, ఆ దాహం పిల్లలది అవుతుంది.